పిండం ముట్టని రేవు

కాకి కడుపు కొయ్యడానికి పెద్ద కత్తి అక్కర్లేదు. వేలెడంత బ్లేడు చాలు. గొంతు కింద మొదలుపెట్టి తోక దాకా ఒక్క గీత గీసి రెండు వేళ్లతో విప్పితే, పొద్దున అది తిన్నదంతా బల్ల మీదికొస్తుంది. మెతుకులు ఒక పక్కకి, నువ్వులు ఒక పక్కకి తొయ్యాలి. తర్వాత నువ్వుల మీద దీపకన్ను పెట్టాలి. అసలు నువ్వులు నల్లగానే ఉండిపోతాయి. వాటిలో మాటగింజ కలిసి ఉంటే అది నీలంగా మెరుస్తుంది.

రేవు మెట్ల పక్కన రేకుల గదిలో లోవరాజు ఆ పనే చేస్తున్నాడు. మోచేతుల దాకా రక్తం. బల్ల కింద బకెట్టు నిండా రెక్కలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనికి అన్నం సయించేది కాదు. ఇప్పుడు రెండు కాకుల మధ్య ఆగి టీ కూడా తాగుతాడు. మనిషి దేనికైనా అలవాటు పడతాడని పెద్దలు ఊరికే అనలేదు. మెచ్చుకుని అన్నారో, తిట్టి అన్నారో మాత్రం చెప్పకుండా పోయారు.

దీపకన్ను కింద నీలంగా మెరిసింది.

"దొరికిందండి" అన్నాడు.

కమాండర్ హేమాద్రి గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చాడు. మౌనదళం తరఫున ఈ రేవుకి ఆయనే సర్వాధికారి. గింజని పలక మీద పెట్టగానే గది నిండా ఒక మగగొంతు వినిపించింది. "తమ్ముడూ, నాన్న పోయాడు. బాధ పడలేదులే, నిద్రలోనే పోయాడు. నువ్వు ఇటు రావాలని చూడకు, కాల్చేస్తారు. ఆ గట్టునే తలమీద నీళ్లు పోసుకో."

అంతే. రాజద్రోహం లేదు, పాడూ లేదు. ఒక చావు కబురు.

"ఎవరిది?"

లోవరాజు కాకిని కొట్టి తెచ్చిన ఇనప గద్ద తీసిన బొమ్మను వెనక్కి తిప్పి చూశాడు. కాకి ఏ విస్తరి మీద నుంచి లేచిందో అందులో ఉంటుంది. "కింది మెట్టు మీదాయనదండి. తడిపంచె, వేలికి దర్భ."

ఇద్దరు జవాన్లు కిందికి దిగారు. కర్మ చేస్తున్నాయనకి గుండు కాబట్టి పట్టుకోవడానికి జుట్టు లేదు. చెవి పట్టుకుని ఈడ్చారు. అందితే జుట్టు అనే సామెత కూడా ఆ రేవులో పనికిరాకుండా పోయింది. మాటకట్టు చట్టం కింద మొదటి శిక్ష నోటికే. తుపాకీ మడమతో ఒక్క దెబ్బ వేసేసరికి ఆయన ముందుపళ్లు మెట్టు మీద రాలాయి. ఆయన అరవబోయాడు. అరుపు కూడా మాటే అనుకున్నారో ఏమో, రెండో దెబ్బ దవడకి వేశారు. ఎముక విరిగిన చప్పుడు రేకుల గదిలోకి వినిపించింది. భార్య పరిగెత్తుకొచ్చి కొంగులోకి పళ్లు ఏరుకుంటుంటే జవాను ఆమె వేళ్ల మీద బూటుతో నిలబడ్డాడు. లోవరాజు తల వంచుకుని తర్వాతి కాకిని బల్ల మీదికి తీసుకున్నాడు.

ఈ కాకుల గోల ప్రభుత్వం చేజేతులా తెచ్చుకున్నదే. మాటకట్టు చట్టం వచ్చాక ఈ గట్టున ఎవరి పలకలోంచి ఏ మాట వెళ్లినా జల్లెడలో పడాలి. జల్లెడ ఉంచితేనే ఉన్నట్టు. ఆస్పత్రిలో చావులు, పడవల రేవులో కాల్పులు, కూరగాయల ధర, అన్నీ జల్లెడకి అడ్డం తగిలి రాలిపోతాయి. ఏటికి అవతల ఉన్నది తెరిపిగట్టు. అక్కడ ఈ చట్టం నడవదు. కానీ ఏటి మధ్యలో మూగబురుజులు నిలబడి ఉంటాయి. నేలబారున ఏ తరంగమూ వాటిని దాటి పోదు. పడవలో దాటబోతే కాలుస్తారు. జనం చెట్లెక్కి కొమ్మలకు తీగలు కట్టి అవతలి తరంగాల్ని పట్టుకుంటున్నారని తెలిసి, ప్రభుత్వం ఈ గట్టున చెట్టన్నది లేకుండా నరికించింది. గూడు పోయిన కాకులు రాత్రి పడకకి అవతలి గట్టుకి పోవడం మొదలుపెట్టాయి. పొద్దున్నే తిండికి ఇటు రావడం, సాయంత్రం అటు పోవడం. అరగనిదాన్ని ఉండ చేసి గూటి కింద కక్కడం. ఆ ఉండల్ని అవతలివాళ్లు ఏరుకుంటారు. మరి కాకి తప్పనిసరిగా తినేది ఏమిటి? పిండం. పిండంలో ఉండేవి ఏమిటి? నువ్వులు. ఇంక జనానికి ఒకరు చెప్పాలా!

పిండాన్నే విప్పి చూడొచ్చు కదా అంటారేమో. అదీ అయింది. పోయిన వేసవిలో ఒక జవాను ఇక్కడే ఒక పిండాన్ని బూటుతో చిదిమాడు. ఆ సాయంత్రానికి ఊరు ఊరంతా రేవుకొచ్చి గట్టు మీది కాపలా బురుజుని తగలబెట్టింది. కొడుకుని జైల్లో వేస్తే నోరు మూసుకున్న ముసలివాళ్లు కూడా వచ్చారు. చచ్చిపోయినవాళ్ల నోటి దగ్గర కూడు తీస్తే మాత్రం ఊరుకోలేదు. ఆ తర్వాత ఉత్తర్వు మారింది. పిండాన్ని తాకకూడదు. కర్మ దగ్గర అనే మాటకి అడ్డు చెప్పకూడదు. కాకికి మాత్రం చట్టంలో చోటు లేదు.

అప్పుడే గద్దలు వచ్చాయి. ఇనప గోళ్లు, రేకు రెక్కలు. ముందు ఒక పెద్దగద్ద, దాని వెనకాల మంద. పెద్దగద్ద ఎక్కడికి పోతే మంద అక్కడికి పోతుంది, అది వాలితే వాలుతుంది. పెద్దగద్దకి పగ్గం లోవరాజు ముంజేతి పట్టీ. మణికట్టు ఎటు తిప్పితే అటు. "ఒక్క మనిషి చేతిలో ఆకాశమంతా పెట్టాను" అని హేమాద్రి పైవాళ్ల దగ్గర గొప్పలు పోయాడు. ఆయనకి ఇంకో గొప్ప కూడా ఉంది. కాకి అన్న మాటనే జల్లెడలో పెట్టించాడు. ఆ మాట ఎవరు పంపినా 'ఈ మాట లేదు' అని పలక మీద పడుతుంది. పసిపిల్లల వాచకంలోంచి కూడా పోయింది. అధికారులకి మినహాయింపు ఇస్తామంటే, నాక్కూడా వద్దు, చట్టం అందరికీ ఒకటే అన్నాడు. ఆ రోజు ఆయనకి పతకం ఇచ్చారు.

కాకుల్ని కొట్టి గద్దలకి వేసేవాడని ఊళ్లో లోవరాజుకి పేరు పడింది. అంగట్లో అతని పక్కన ఎవరూ నిలబడరు. తల్లి నూకాలమ్మ కూడా అతను తెచ్చిన సరుకులు గుమ్మం దగ్గరే పెట్టమంటుంది.

హేమాద్రి కిటికీలోంచి రేవు వంక చూస్తూ అడిగాడు. "మీ చెల్లెలి పదో రోజు ఇవాళే కదూ?"

"అవునండి. సెలవు అడిగాను."

"అందుకే ఇవ్వలేదు."

లోవరాజు బ్లేడు కింద పెట్టాడు.

"ఆ అమ్మాయి ఆస్పత్రిలో తీసిన బొమ్మలు మాకింకా దొరకలేదు" అన్నాడు హేమాద్రి, వాన గురించి చెబుతున్నంత తేలిగ్గా. "మీ ఇంట్లో నేల కూడా తవ్వించాను. మీ అమ్మ దగ్గరే ఉన్నాయి. ఇవాళ గింజలోకెక్కి ఆ పిండంలో వస్తాయి. దాని మీద వాలిన కాకిని నువ్వే కొట్టాలి, నువ్వే కొయ్యాలి. గింజ నా చేతికి వచ్చిందా, మీ అమ్మ జోలికి రాను. రాలేదా, ఆవిడ ఈ మెట్లు మళ్లీ ఎక్కదు."

చెల్లెలు వరహాలు ప్రభుత్వాస్పత్రిలో నర్సు. పడవల రేవులో కాల్పులు జరిగిన రోజు ఆమె డ్యూటీలో ఉంది. తెచ్చినవాళ్లని తెచ్చినట్టే నడవలో పడుకోబెట్టారు. ఎవరూ చనిపోలేదని ఆ సాయంత్రం అందరి పలకల మీదా వచ్చింది. వరహాలు ఒక్కొక్కరి మొహమూ తుడిచి, పేరు చెప్పి, బొమ్మ తీసింది. మర్నాడు అన్న గదికొచ్చి చింతచిగురు రొయ్యలు వడ్డించింది. అతను రెండో ముద్ద కలుపుతుండగా అడిగింది.

"అన్నయ్యా, ఒక్క కాకిని వదిలెయ్యవా? ఒక్కటంటే ఒక్కటి."

"నాకేమీ వినపడలేదు" అన్నాడతను.

"వాళ్లకీ అమ్మలున్నారు కదరా. ఎక్కడున్నారో తెలీక నిన్నట్నుంచీ ఆస్పత్రి గేటు పట్టుకుని ఏడుత్తున్నారు."

అతను మూడో ముద్ద కలుపుకున్నాడు. కూర బాగుందని కూడా అనలేదు. ఆ వారంలోనే ఆస్పత్రి గేటు ముందు మౌనదళం ఆమెని పట్టుకుంది. శవాన్ని గుడ్డ చుట్టి ఇచ్చారు. మొహం విప్పి చూడొద్దన్నారు. అతను చూశాడు. కింది పెదవి లేదు, నాలుక లేదు. అప్పటి నుంచీ అతనికి నిద్ర రావడం లేదు. భయం పోయిందా అంటే అదీ పోలేదు. పిరికివాడి దుఃఖం కంటే పాడు దుఃఖం లేదు, ఏడవడానికి కూడా పక్కవాడి అనుమతి కావాలి.

ఎండ మెట్ల మీదికి ఎక్కేసరికి నూకాలమ్మ వచ్చింది. వెంట మరిది, నలుగురు చుట్టాలు. కర్మ చెయ్యాల్సిన అన్న యూనిఫాంలో పై మెట్టు మీద నిలబడ్డాడు కాబట్టి ఆ దర్భ చిన్నాన్న వేలికి ఎక్కింది. రేవు పంతులు మంత్రం చెబుతుంటే నూకాలమ్మ స్వయంగా పిండం కలిపింది. నువ్వులు వేసేటప్పుడు ఆమె బొటనవేలు ఒక చోట కాసేపు ఎక్కువ నొక్కింది. లోవరాజు చూశాడు. అతని వెనకే నిలబడ్డ హేమాద్రి కూడా చూశాడు.

విస్తరి మెట్టు చివర పెట్టారు. పిండం పక్కనే బూరెలు, పులిహోర, వరహాలుకి ఇష్టమైనవన్నీ పెట్టారు. అందరూ వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నారు. పైన గద్దలు తిరుగుతున్నాయి. మిగతా మెట్ల మీద కూడా విస్తళ్లు పరిచి కాచుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరు తెల్లవారకుండా వచ్చారు. కాకి మాత్రం లేదు. ఉన్నవాటిలో సగం లోవరాజు బకెట్లో ఉన్నాయి, మిగతావి ఈ గట్టంటేనే జడుసుకుంటున్నాయి. ముట్టని పిండాలు ఎండకి పగిలిపోవడం ఈ రేవులో కొన్ని నెలలుగా మామూలే. కడుపు నిండని చచ్చినవాళ్లతో ఊరంతా నిండిపోయిందని ముసలమ్మలు చెప్పుకుంటున్నారు.

కాకి రాకపోతే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. పోయినవాళ్లకి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అది తీరుస్తామని బతికున్నవాళ్లు పైకి మాటివ్వాలి.

"వరాలమ్మా" అన్నాడు చిన్నాన్న గొంతు సవరించుకుని. "మీ అమ్మని నేను చూసుకుంటానే తల్లీ. ఏ లోటూ రానివ్వను. వచ్చి తిను."

రేవు మీద గాలి కూడా లేదు.

"నీ బట్టలు ఎవరికీ ఇవ్వనే" అంది నూకాలమ్మ. "నీ పెట్టె అలాగే ఉంచుతాను. నీ గేదెని అమ్మను. ఇంకేం కావాలే నీకు? అలిగి కూచోకే, ఆకలేత్తాదే."

పంతులు తల ఊపాడు. "ఇవి కాదమ్మా. ఆ పిల్ల ఎవరినో ఏదో అడిగి ఉంటుంది. అడిగించుకున్నవాళ్లే అనాలి. ఇంకొకరంటే చెల్లదు."

నూకాలమ్మ మెల్లిగా వెనక్కి తిరిగింది. కూతురు పోయాక ఆమె కొడుకు మొహం చూడడం ఇదే మొదటిసారి.

"ఒరే లోవా. నిన్నేం అడిగిందిరా?"

వెనక హేమాద్రి ఊపిరి లోవరాజు మెడకి తగులుతోంది. "అను" అన్నాడాయన నవ్వుతూ. "ఏదో ఒకటి అని పిలువు. కాకి రావాలి మనకి." ఆయనకి కాకి కావాలి. కాకి వస్తే గింజ వస్తుంది. ఈ మాటిచ్చే ఆచారం ఆయన లెక్కలో ఎర మాత్రమే. మాటిచ్చినవాడు దాన్ని నిలబెట్టుకుంటాడేమోనన్న అనుమానం ఆయనకి కలగనే లేదు. అది ఆయన తప్పు కూడా కాదు, ఆయన పనిచేసిన చోట్ల ఎవరూ మాట నిలబెట్టుకుని ఉండరు.

లోవరాజు నాలుగు మెట్లు దిగాడు. టోపీ తీశాడు. తల్లి కోసం భయపడ్డాడు, తన ప్రాణం కోసం కూడా భయపడ్డాడు. కానీ ఆ చింతచిగురు కూర బాగుందని అనకపోవడం అన్నిటికంటే ఎక్కువగా గుచ్చింది.

"వరాలూ" అన్నాడు. మళ్లీ అన్నాడు. ఈసారి రేవంతా వినపడేలా అన్నాడు. "వరాలూ! ఒక్క కాకిని వదిలెయ్యమన్నావు. నాకు వినపడిందే. అప్పుడే వినపడింది. వదిలేత్తాను. దీని మీద ఒట్టు."

చెయ్యి పట్టీ మీద వేశాడు.

రేకుల గది కప్పు మీద ఏదో గీరిన చప్పుడైంది. అతను రోజూ కాకుల్ని కోసే గది. దాని చూరు మీద ఒక ముసలి కాకి కూర్చుని ఉంది. ఎప్పుడో గద్ద గోరు తగిలి ఒక కన్ను పోయింది. అది తల అటూ ఇటూ తిప్పి, మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందికి దిగి, విస్తరి పక్కన వాలింది. కాకి తినేటప్పుడు కదలకూడదు. దాన్ని బెదరగొట్టినవాడికి ఏడు జన్మల పాపం.

అది బూరెని ముట్టలేదు. పులిహోర చూడలేదు. పిండాన్ని పొడిచి, విరిచి, తిని, మిగిలిన ముక్కని నోట కరుచుకుని ఏటి మీదికి లేచింది.

"కొట్టు!" అన్నాడు హేమాద్రి.

లోవరాజు చెయ్యి పైకెత్తాడు. పైన పెద్దగద్ద వాలుగా తిరిగింది, మంద దాని వెనక వరస కట్టింది. కాకి ఇంకా ఏటి సగానికి కూడా పోలేదు. ముసలి రెక్కలు, బరువు నోరు. గద్దకి అది రెండు క్షణాల పని.

అతను మణికట్టుని నేలకి తిప్పాడు.

పెద్దగద్ద నిట్టనిలువుగా ఏట్లోకి దిగిపోయింది. దాని వెనక రెండోది. దాని వెనక మూడోది. ఎక్కడికి పోతే అక్కడికి పోవడం తప్ప వాటికి ఇంకేమీ నేర్పలేదు పాపం. నీళ్లు ఎగిరెగిరి పడ్డాయి, రేకులు చిట్లిపోయాయి, చూస్తుండగానే ఆకాశం ఖాళీ అయింది.

హేమాద్రి మొదటి తూటా లోవరాజు మణికట్టుని చీల్చింది. పట్టీ ఎముకతో సహా ఊడి మెట్ల మీద దొర్లింది. రెండోది పొట్టలో దిగింది. లోవరాజు మోకాళ్ల మీద కూలి, ముందుకి పడ్డాడు. మూడోసారి పేల్చబోతుంటే నూకాలమ్మ వచ్చి కొడుకు మీద పడుకుంది. ఆమె ఏమీ అనలేదు, కళ్లు మూసుకుంది.

అప్పుడు వచ్చాయి. అవతలి గట్టు చెట్ల మీద ఇన్ని నెలలుగా ఆకలితో కూర్చున్నవన్నీ ఒక్కసారి లేచాయి. గద్దలు లేని ఆకాశాన్ని అవి మనుషులకంటే ముందే కనిపెట్టాయి. వందలు వందలుగా ఏరు దాటి వచ్చి మెట్ల మీద పరిచిన ప్రతి విస్తరి మీదా వాలాయి. ఏ పిండంలో ఏ గింజ ఉందో ఎవరికి తెలుసు? అన్నిటినీ పొడుస్తున్నాయి, అన్నిటినీ మోస్తున్నాయి.

"కాల్చండి!" అని అరిచాడు హేమాద్రి. "పక్షుల్ని కాల్చండి, మనుషుల్ని కాల్చండి, ఎవరినైనా కాల్చండి!"

రేవు మీద ఒక్క మనిషి లేచి పరిగెత్తలేదు. తుపాకుల ఎదురుగా కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని శబ్దం లేకుండా ఏడుస్తున్నారు. పళ్లు రాలినాయన కూడా విరిగిన దవడని చేత్తో పట్టుకుని, తండ్రి విస్తరి వైపు కదలకుండా చూస్తున్నాడు. తినే కాకిని బెదరగొట్టకూడదు.

ఆయన్ని కొట్టిన జవాను తుపాకీ ఎత్తాడు. గురి చూశాడు. మెల్లిగా దించేశాడు.

"తింటున్నాయండి" అన్నాడు గుసగుసగా. "తిన్నాక చూద్దామండి."

హేమాద్రి వాడి మొహం మీద తుపాకీతో కొట్టాడు. వాడు రక్తం మింగాడు కానీ మళ్లీ తుపాకీ ఎత్తలేదు. పక్కవాళ్లూ ఎత్తలేదు. ఆయన పలక తీసి బురుజులకి కబురు పెట్టబోయాడు. కాకులు దాటుతున్నాయి, కాల్చండి అని అరిచాడు. పలక మీద 'ఈ మాట లేదు' అని పడింది. మళ్లీ అరిచాడు. మళ్లీ అదే పడింది. చట్టం అందరికీ ఒకటే.

లోవరాజు చెంప తడి రాతికి ఆని ఉంది. కడుపులోంచి వెచ్చగా ఏదో మెట్టు దిగుతోంది. నొప్పి బాగా ఉంది. ఏటి మీద ఆ ముసలి కాకిని వెతికాడు. వాటిలో ఏది అదో ఇప్పుడు చెప్పడం కష్టం.

"అమ్మా" అన్నాడు. "తిన్నాదా?"

నూకాలమ్మ అతని తలని ఒళ్లోకి తీసుకుంది. నుదుటి మీద రక్తం కొంగుతో తుడిచింది. చివరి మెట్టు మీద ఖాళీ విస్తరి గాలికి కదులుతోంది.

"తిన్నాదిరా నాయనా" అంది. "ఒక్క మెతుకు మిగల్చలేదు."